ఒక్క కడాయి దూరం

ఇప్పటివరకూ ఎవరికీ చెప్పని మాట ముందే చెప్పేస్తాను. మా ఆయన ఎక్కిన విమానం కనిపించకుండా పోయిందని టెలిగ్రాం వచ్చిన రోజు, ఇంట్లో అందరూ నా చేతి గాజుల వైపు చూస్తుంటే, నేను ఏడవలేదు. అది ధైర్యం కాదు, భర్త మీద భక్తి అసలే కాదు. ఆయన క్షేమంగా దిగారని నాకు ముందే తెలుసు. చెప్పింది మనిషి కాదు. పసుపు ఉడకబెట్టే కడాయి.

నవ్వాలనుకునేవాళ్లు ఇక్కడే నవ్వుకోండి. ఇంకెవరైనా రాస్తే నేనూ నవ్వేదాన్ని. మా పుట్టిల్లు బాల్కొండ. అక్కడి పాత కోట గోడల్లో ఏవేవో తిరుగుతాయని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ గోడల నీడలో కూర్చునే దొరికిన పుస్తకమల్లా చదివాను. తేళ్లు కనిపించాయి. ఇంకేమీ కనిపించలేదు. దయ్యాలను అప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

నాకు రోజూ డైరీ రాసే అలవాటుంది. ఏ గిన్నె సొట్టపోయిందో కూడా అందులో ఉంటుంది. ఈ సంగతి మాత్రం దానిలోనూ రాయలేదు.

మరి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా ఆర్మూర్‌లో ఆడవాళ్లు నన్ను తమ కోడళ్లకు వేలు పెట్టి చూపిస్తున్నారు. "గా పిల్ల మొక్కులతోటే మొగడు వాపసొచ్చిండు, చూసి నేర్చుకోండ్రి" అంటున్నారు. నేను ఏ మొక్కూ మొక్కలేదు. ఏ గుడి చుట్టూ తిరగలేదు. చేయని పుణ్యం నా పేరు మీద ఉండటం నాకిష్టం లేదు. ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పే నోరు లేదు కాబట్టి కాగితం మీద చెబుతున్నాను.

మా ఆయన పేరు గంగాధర్. పెళ్లాం ఆ పేరు పలకకూడదంటారు. రాయకూడదని ఎవరూ చెప్పలేదు.

ఆయన హైదరాబాదులో ఇంజన్ల పని నేర్చుకుని, అస్సాం అవతలి కొండల్లోకి బియ్యం, ఉప్పు, కిరోసిన్ మోసే విమానంలో మెకానిక్‌గా చేరారు. విమానంతో పాటే పోవాలి, దానితో పాటే రావాలి. ఏడాదికోసారి, మా ఇంట్లో పసుపు తవ్వే రోజుల్లో సెలవు మీద వచ్చేవారు.

ఆయన ఉత్తరాల్లో రెండు ఊళ్ల పేర్లే మళ్లీ మళ్లీ వచ్చేవి. ఒకటి నది ఒడ్డున ఉంది. రెండోది కొండల నడుమ. రెండు చోట్లా చదును చేసిన ఒక మైదానం, ఒక రేకుల షెడ్డు, గాలి ఎటు వీస్తుందో చూపే ఒక గుడ్డ సంచి. విమానాశ్రయం అంటే అంతేనట. ఆ పేర్లు ఇక్కడ రాయను. ఆయనతో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

పెద్దవాళ్ల ముందు మొగుడూ పెళ్లాం మాట్లాడుకునే పద్ధతి మా ఇంట్లో లేదు. పసుపు ఉడికే పొయ్యి దగ్గర పొగకు ఎవరూ నిలబడరు. మా కాపురంలోని మాటలు చాలావరకు ఆ పొగలోనే జరిగాయి. ఒక సెలవులో నేను పొయ్యిలోకి కట్టెలు తోస్తూ అడిగాను.

"గా రెండు ఊళ్లకు నడుమ ఎంత దూరముంటది?"

"నడిస్తెనా, ఎగిరితెనా?"

"రెండూ చెప్పుండ్రి."

"ఎగిరితె మన ఆర్మూర్‌కెల్లి హైద్రాబాద్ అంత. నడిస్తె మాత్రం కొండ ఎక్కాలె, దిగాలె, ఏరు దాటాలె, మల్ల ఎక్కాలె. పక్షం దినాలు పడతది. మాకైతె, గిప్పుడు నువ్వు గీ కడాయి ఎక్కిచ్చినవా, గిది ఉడికి దించేటాల్లకు ఆడ దిగుతం."

"మబ్బొస్తే?"

"మబ్బుంటె ఎక్కనే ఎక్కం. నేనేమన్న పిచ్చోణ్నా?"

పసుపు పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. తవ్వి తెచ్చిన పచ్చి కొమ్ములను పెద్ద ఇనుప కడాయిలో పోసి, మునిగేదాకా నీళ్లు పోసి, పైన పసుపు ఆకు, గోనె సంచులు కప్పి మంట పెడతారు. తెల్లటి నురుగు పొంగి, వాసన మారితే ఉడికినట్టు. అప్పుడు ఒక కొమ్ములో పుల్ల గుచ్చి చూస్తారు. సులువుగా దిగితే కడాయి దించుతారు. గంటకు కొంచెం అటూ ఇటూ పడుతుంది. ఎక్కువసేపు ఉంచితే కొమ్ము మెత్తబడి చెడిపోతుంది. మా పొయ్యిల దగ్గర పుట్టి పెరిగినవాళ్లకు ఇది బస్సు టైము కంటే నమ్మకమైన లెక్క.

ఆయన వెళ్లిపోయాక నాకు ఒక ఆట అలవాటైంది. పసుపు రోజుల్లో పొద్దున మొదటి కడాయి ఎక్కించగానే మనసులో "ఎక్కిండు" అనుకునేదాన్ని. దించగానే "దిగిండు" అనుకునేదాన్ని. అంతే. చిన్నపిల్లల ఆట. ఎవరికీ తెలియదు.

ఆ సంవత్సరం ఆయనకు సెలవు దొరకలేదు. ఆ రోజు పొద్దున ఎప్పటిలాగే కల్లంలో రెండు పొయ్యిలు వెలిగించాం. ఒకటి మా యారాలు లక్ష్మక్కది, అంటే మా బావ భార్యది. రెండోది నాది. ఒకే చేనులో తవ్విన పసుపు, ఒకే బావి నీళ్లు, ఒకే బండి కట్టెలు. నేను "ఎక్కిండు" అనుకున్నాను.

లక్ష్మక్క కడాయి దిగింది. నాది దిగలేదు. నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి, ఆవిరి వస్తోంది. నురుగు లేదు, వాసన లేదు. పుల్ల గుచ్చితే పుల్లే విరిగింది.

"ఏందే శారదా, పొయ్యిల మంట పెట్టినవా, కథ చదివి వినిపిచ్చినవా?" అంది లక్ష్మక్క.

ఆమె రెండో కడాయి ఎక్కించింది. అదీ దిగింది. మూడోది ఎక్కించింది. నాది ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె పొయ్యిలోని నిప్పులే తెచ్చి నా పొయ్యిలో పోశాం. లాభం లేదు. అప్పుడు నేనే ఒక పని చేశాను. నా కడాయిలోంచి గుప్పెడు కొమ్ములు తీసి, గుడ్డలో మూటకట్టి, లక్ష్మక్క కడాయిలో వేశాను. అక్కడ ఉడికాయి. అవే కొమ్ములు. నా కడాయిలోవి ఉడకలేదు.

తడి కట్టెలంటారా, ముదురు పసుపంటారా, నీళ్లలో తేడా అంటారా, ఆ మూట సంగతి చెప్పి తర్వాత మాట్లాడండి.

పొద్దు వాలింది. మా బావ భూమన్న వచ్చి చూసి మండిపడ్డాడు. ఆయన నాతో నేరుగా మాట్లాడడు. తమ్ముడి భార్యతో మాట్లాడకూడదు కాబట్టి ఏదైనా లక్ష్మక్కతో చెప్పిస్తాడు. "దించి పారెయ్యమను దాన్ని. కట్టెలన్నీ బుగ్గయితున్నయ్" అన్నాడు.

మా అత్తమ్మ గంగవ్వ నా పొయ్యి ఎదురుగా నేల మీద కూర్చుని, కొంగును కడుపుకు అదిమి పట్టుకుని ఉంది. ఎండకు కడుపునొప్పి వచ్చిందేమో అనుకున్నాను. ఆమె కొడుకు వైపు చూడకుండానే అంది.

"దించకుండ్రి. నేను చెప్పేదాక ఎవ్వరు దించకుండ్రి."

నాకు ఆ పూట ఎలా గడిచిందో చెప్పలేను. మనసులో ఆడుకున్న ఆట మెడకు చుట్టుకుంది. కడాయి దించితే తప్ప "దిగిండు" అనుకోలేను. ఉడకందే దించలేను. ఆపకుండా కట్టెలు తోస్తూనే ఉన్నాను.

ఇళ్లలో దీపాలు పెట్టే వేళకు ఒక్కసారిగా నురుగు పొంగింది. గోనె సంచులు పైకి లేచేంత పొంగింది. కల్లమంతా ఉడికిన పసుపు వాసన. పుల్ల గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగింది. దించి గుమ్మరిస్తే ఒక్క కొమ్ము చితకలేదు, ఒక్కటి పగలలేదు. విరిచి చూస్తే లోపల నిండు రంగు. పొద్దంతా మంట మీద ఉన్న పసుపులా లేదు. సరిగ్గా ఒక్క కడాయి సేపు ఉడికిన పసుపులా ఉంది.

"దిగిండు" అనుకున్నాను. పొయ్యిలో మిగిలిన కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లాను.

మూడో నాడో, నాలుగో నాడో టెలిగ్రాం వచ్చింది. మా వీధిలో టెలిగ్రాం అంటే చావు కబురే. పోస్టుమాన్ సైకిలు ఆగగానే ఏడుపులు మొదలయ్యాయి. బడి పంతులు చదివి చెప్పారు. ఫలానా రోజు పొద్దున బయలుదేరిన విమానం కొండల్లోని ఊరికి చేరలేదు. మధ్యాహ్నం అక్కడి వైర్‌లెస్ పలికింది. విమానం రాలేదని, చప్పుడు కూడా వినబడలేదని చెప్పింది. సాయంత్రం గాలివాన మొదలయ్యాక అది మళ్లీ పలకలేదు. మబ్బుల వల్ల వెతకడం సాధ్యం కావడం లేదు. ఆశ పెట్టుకోవద్దు.

ఆ ఫలానా రోజు, నా కడాయి ఉడకని రోజే.

నేను ఏడవకపోవడం చూసి నాకు మతి చలించిందనుకున్నారు. రెండు రోజులాగి బావ అరుగు మీద కూర్చుని, నాకు వినబడేలా లక్ష్మక్కతో అన్నాడు.

"ఉగాది మైల మీద రావద్దు. అమాసకంటె ముందుగాల గడ్డితోని మనిషి బొమ్మ కట్టి దహనం చేద్దాం. దినాలు చేసేద్దాం. గాజులు, పుస్తెలు ఆ దినమే తియ్యాలె. చెప్పు దానికి."

నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను. పెళ్లయ్యాక మొదటిసారి బావతో నేరుగా మాట్లాడాను.

"బావా, ఆయన దిగి ఉంటె కబురు నడిచి రావాలె. నడక పక్షం దినాలు. గప్పుడే బొమ్మ కడతరా?"

"అమ్మో! దీనికి నోరుంది!" అంది లక్ష్మక్క.

బావ ఆమెతోనే అన్నాడు. "పగటాల్లదాక ఆడికి రానేలేదని గక్కడోళ్లే చెప్పిండ్రు గదా. అండ్ల పోసిన పెట్రోలు అయిపోదా? తర్వాత ఏం పోసుకొని ఎగిరిండు, నీళ్లా? అడుగు!"

దానికి నా దగ్గర ఉన్న ఒకే జవాబు కడాయి. అది చెబితే గాజులకంటే ముందు నన్ను మంత్రగాడి దగ్గరికి తోలుకుపోయేవారు.

"నేను తియ్య" అన్నాను. అంతే అనగలిగాను. రాత్రంతా గాజులు కొంగులో చుట్టుకుని పడుకున్నాను, ఎవరైనా నిద్రలో పగలగొడతారేమోనని.

తెల్లవారేసరికి నాకు దారి కనిపించింది. ఇది పుస్తకాల్లో దొరికింది కాదు, మా పసుపు ఊళ్లో ఉన్నవాళ్లకే తోచేది. మైల ఉన్న ఇంటి పసుపు ఎవరూ కొనరు. పెళ్లికీ, పేరంటానికీ, దేవుడికీ పోయే సరుకు కదా. అలాగే ఒకసారి శుద్ధమని చెప్పి అమ్మాక, అమ్మిన రోజుకే ఇంట్లో మైల ఉందని ఇంటివాళ్లే చెబితే, మళ్లీ గంజ్‌లో, అంటే పసుపు మార్కెట్లో, మొహం చూపించలేరు. అంటే ఆ పసుపు అమ్ముడుపోతే ఉగాది ముందు దినాలు చేయడానికి బావకు వీలుండదు.

అత్తమ్మ దగ్గరికి వెళ్లి, "ముందుగాల ఉడకబెట్టిన పసుపు ఎండింది, గంజ్‌కు తీస్కపోత" అన్నాను. ఆమె లేచి, బండి తోలే మనిషిని కేకేసి సంచులు ఎత్తించింది. తనూ ఎక్కి కూర్చుంది.

గంజ్‌లో ధర నోటితో చెప్పరు. కొనేవాడు, అమ్మేవాడు రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని బేరం తేల్చుకుంటారు. పక్కవాడికి తెలియకూడదని. మా కుప్ప దగ్గరికి వచ్చిన సేటు అలవాటుగా భుజం మీది రుమాలు తీసి చెయ్యి చాపి, అక్కడ నన్ను చూసి గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. చుట్టూ నవ్వులు.

"మీ ఇంట్ల మగోళ్లు లేరా అమ్మా?"

"ఉన్నరు. ఒకాయిన ఇంటికాడున్నడు, ఒకాయిన డ్యూటీల ఉన్నడు."

నవ్వులు ఆగిపోయాయి. ఊరందరికీ టెలిగ్రాం సంగతి తెలుసు. సేటు గొంతు తగ్గించి, "మైల అంటున్నరు గదమ్మా" అన్నాడు.

నేను గట్టిగా మాట్లాడలేని మనిషిని. పెళ్లిచూపుల్లో నా పేరు మూడుసార్లు అడిగితే గానీ వినబడలేదు. ఆ రోజు గంజ్ మొత్తం వినేలా అరిచాను.

"మా ఇంట్ల ఎవ్వలు సావలే! గిది మైల పసుపు గాదు. కొంటె కొనుండ్రి. లేకుంటె బండి మర్లేసుకొని పోత!"

సేటు అత్తమ్మ వైపు చూశాడు. కన్నతల్లి కదా, ఆమె మాటే ఆఖరి మాట. అత్తమ్మ సంచిలోంచి ఒక కొమ్ము తీసి అతని చేతిలో పెట్టింది. "మా కోడలు చెప్పింది గదా సేటు" అంది.

"ఏం సేటు, గీసారి రుమాలు లేకుంటనే బేరమా?" అని ఎవరో అన్నారు. సేటు కూడా నవ్వాడు. గంజ్‌లో అందరూ వింటుండగా ధర నోటితో చెప్పాడు. సంచులు తూకానికి ఎక్కాయి.

బావ మాతో నెల రోజులు మాట్లాడలేదు. నాతో ఎలాగూ మాట్లాడడు, ఈసారి వాళ్లమ్మతో కూడా. దినాలు జరగలేదు. ఉగాది నాడు పచ్చడి గిన్నె అందిస్తూ లక్ష్మక్క నా గాజుల వైపు చూడకుండా మొహం తిప్పుకుంది. నేను ఆ గాజులు గలగలలాడేలా చెయ్యి చాపి గిన్నె అందుకున్నాను.

ఉగాది తర్వాత రెండో టెలిగ్రాం వచ్చింది. మనుషులందరూ క్షేమం. కొండల్లోంచి ఒక మనిషి కాలినడకన నది ఒడ్డుకు దిగి కబురు చెప్పాడట.

వానలు మొదలయ్యాక ఆయన ఇంటికి వచ్చారు. ఆ విమానం సంగతి చాలా రోజులు ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వచ్చి చెప్పారు, ఎవరితోనూ అనవద్దని ముందే మాట తీసుకుని. ఇప్పుడు ఆ మాట తప్పుతున్నాను. ఆయన చదివితే చదవనివ్వండి.

పొద్దున ఎండలోనే గాల్లోకి లేచారట. నడుమ ఒక తెల్లటి మబ్బులోకి వెళ్లి బయటపడ్డారు. కుదుపు లేదు, చప్పుడు లేదు. మామూలుగా పట్టేంత సేపే పట్టింది. కింద మైదానం కనిపించేసరికి చీకటి పడుతోంది. గాలివాన మొదలైంది. దిగేటప్పుడు చక్రం విరిగింది. పరుగెత్తుకొచ్చినవాళ్లు వీళ్లను ముట్టుకోవడానికి భయపడ్డారట.

"మా వాచీలన్నీ పగటాల్లకు ముందు టైమే చూపిస్తున్నయ్. ఒక్కటి తప్పు పోవచ్చు, అందరియి పోతయా? సరే, వాచీలు ఇడిసిపెట్టు. నేనే పుల్ల పెట్టి ట్యాంకు చూసిన శారదా. దినాం ఎంత కాలుతదో గంతనే కాలింది. పొద్దంత ఎగిరితె సుక్క మిగలద్దు."

పై అధికారులు అడిగితే, దారి తప్పి ఎక్కడో ఇసుకలో దిగి, సాయంత్రం మళ్లీ లేచామని రాసిచ్చారట. ఉద్యోగాలు పోకుండా.

ఆయన ట్యాంకులో పెట్టిన పుల్లా, నేను కొమ్ములో గుచ్చిన పుల్లా ఒకే లెక్క చెప్పాయి. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. మళ్లీ ఆ విమానమే ఎక్కాల్సిన మనిషి. ఎగురుతున్నప్పుడు ఇంజన్ చప్పుడు వినాలి గానీ, ఇక్కడ నా కడాయి ఉడికిందో లేదోనని ఆలోచించకూడదు.

ఇప్పుడు ఆయన ఆర్మూర్‌లోనే మోటారు ఇంజన్లు బాగుచేస్తున్నారు. నేను ఆ ఆట మానేశాను. కడాయి ఎక్కించేటప్పుడు మనసులో ఏమీ అనుకోను.

అది ఏమిటో నాకు తెలియదు. దయ్యమంటే ఒప్పుకోను, మహిమంటే అసలే ఒప్పుకోను. భక్తికి లొంగే కడాయైతే, పొద్దంతా నన్ను ఎందుకంత ఏడిపించింది? తెలిసినవాళ్లుంటే చెప్పండి, వింటాను. కానీ ఆ మూట సంగతి, ఆ ట్యాంకు సంగతి పక్కన పెట్టి చెప్పకండి.

ఇంతటితో ఆపేద్దామనుకున్నాను. కానీ పోయిన చలికాలం మా అత్తమ్మ మంచం పట్టింది. ఒక సాయంత్రం కాళ్లు ఒత్తుతుంటే, నేనేమీ అడగకుండానే కళ్లు తెరిచి మాట్లాడింది. మర్నాటికి ఆమెకు మాట పడిపోయింది. నాతో అన్న ఆఖరి మాటలు అవే.

"వాడు పుట్టిన దినం సుత గట్లనే అయింది బిడ్డా. నొప్పులతోటే నేను కడాయి ఎక్కిచ్చిన. పొద్దంత ఉడకలే. వాడు భూమ్మీద పడ్డంకనే పొంగింది. ఎవ్వలకు చెప్పలే. గందుకే, గా దినం నీ కడాయి దించనియ్యలే."